గజ్జెలు ఎవరు విప్పాలి

తప్పెటగుళ్ళ ఆట నేర్పే గురువు సన్యాసయ్యను ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. గొంతు బొంగురుపోయిందన్నవాడికి ఒకసారి రెండు రోజులు గొర్రెలు తోలే పని అప్పగించాడు. వాడి గొంతు పూర్తిగా పోయింది. అందుకే మా ఊళ్ళో తెలివైనవాళ్ళెవరూ ఆయన్ని ఏమీ అడగరు. పైడినాయుడు తెలివైనవాడని ఎవరూ అనలేదు, వాళ్ళావిడతో సహా.

ఆ సాయంత్రం పైడినాయుడు సాధనకు వచ్చి, తప్పెట గుండెకు కట్టుకున్నాడు గాని చేతికి తాళం అందలేదు. పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న గోనెసంచుల మిల్లులో ఆరోజే సూపర్‌వైజరు పిలిచి, ఇక పనికి రావద్దన్నాడు. మర్నాడు ఒక్కసారి వచ్చి కాగితం మీద సంతకం పెట్టిపొమ్మన్నాడు. సొంత కారణాల వల్ల, ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నానని ఆ కాగితం. చెప్పేముందు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. పన్నెండేళ్ళలో అదే మొదటి టీ. పైడినాయుడి మనసు కరిగిపోయింది.

"మర్యాదగా అడిగాడు గురువుగారూ. సంతకం పెట్టేసి పరువుగా బయటపడితే పోదా?"

సన్యాసయ్య పొడుం పీల్చి, తీరిగ్గా తుమ్మాడు. తర్వాత జట్టంతా వింటుండగా అన్నాడు. "పైడీ, రేపట్నించి నువ్వు మన జట్టులో లేవు. గజ్జెలు విప్పి నా చేతిలో పెట్టు."

"అయ్యో పాపం" అన్నాడు వెనక వరసలో ఆడే ఎర్రన్న, అప్పటికే ముందు వరసలోకి జరుగుతూ.

పైడినాయుడికి పొద్దున్న ఉన్న పనీ, ఆటా రెండూ పొద్దు గుంకేసరికి పోయాయి. ఏం తప్పు చేశానని కూడా అడక్కుండా వంగి, కుడికాలి ముడి లాగాడు. ముడి సగం వదులయ్యాక చెయ్యి ఆగింది. ఆ జట్టు ఆచారం కొత్తవాళ్ళకు చెప్పేది తనే. గజ్జెలు తనంతట తాను విప్పి గురువు చేతిలో పెట్టినవాడు ఆట మానుకున్నట్టు. వాడికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, పెట్టనక్కర్లేదు. గురువు తీసేస్తే మాత్రం లెక్క వేరు.

పైడినాయుడు నిలబడ్డాడు. "నేను విప్పకూడదు గురువుగారూ. పొమ్మన్నది మీరు."

"అయితే ఏటంటావు?"

"మీరే విప్పాలి. ఊరి పెద్దల ముందు కారణం చెప్పాలి. కడపటి ఆట ఆడించి పంచె పెట్టాలి."

"పంచె కూడానా?"

"జరీ అంచుది."

సన్యాసయ్య మళ్ళీ పొడుం డబ్బీ తీశాడు. "నా దగ్గర నోరు బాగానే లేస్తాది నీకు" అన్నాడు.

ఆ మాట పైడినాయుడికి రాత్రి అన్నం తింటుంటే అర్థమైంది. వాళ్ళావిడకు అంతకుముందే అర్థమైంది.

మర్నాడు మిల్లులో కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. పైడినాయుడు టీ తాగాడు, సంతకం పెట్టలేదు. "పొమ్మన్నది తమరు బాబూ. ఎందుకు తీసేశారో, ఏ తేదీ నుంచో, నాకు ఏమేం రావాలో తమరే రాసి ఇవ్వండి" అన్నాడు. ఆ తర్వాత కుర్చీ తీసేశారు. అక్కణ్ణించి బస్సెక్కి పట్నంలో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చాడు. వాళ్ళు చదివి, ముద్ర వేసి, మిల్లువాళ్ళను పిలిపిస్తామన్నారు.

సాయంత్రం సాధనకు వచ్చేసరికి ఎర్రన్న ఏమీ ఎరగనట్టు వెనక వరసలో ఉన్నాడు.

"ఇంతకీ నా పని ఉంటాదంటారా, పోతాదంటారా గురువుగారూ?"

సన్యాసయ్య అతని కాళ్ళ వంక చూశాడు.

"కుడికాలి ముడి నిన్నటిలాగే వదులుగా ఉంది. ముందు అది బిగించుకో."