తుమ్ముని కళ్ళతో పట్టుకున్న డోలు పైడయ్య

ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, నీకే చెప్తున్నా చిట్టీ. పెళ్ళికెళ్తే నేను పెళ్ళికూతుర్ని చూడను. డోలు వాయించేవాణ్ణే చూస్తూ కూచుంటాను. ఎందుకో చెప్తా, ఊఁ కొడుతూ ఉండు.

అనగనగా ఏటి అవతల ఒక ఊళ్ళో సూరీడమ్మని సన్నాయి ఊదే అక్క, పైడయ్యని డోలు వాయించే తమ్ముడు ఉండేవారు. ముహూర్తం వేళ తుమ్ములాంటి చెడు శబ్దం ఎవరి చెవినా పడకూడదని దబదబా వాయిస్తారు చూడు, ఆ గట్టిమేళంలో పైడయ్యని మించినవాడు లేడు.

ఒక ఏడు పైడయ్యకి పెద్ద జ్వరం వచ్చింది. పోతూ పోతూ రెండు చెవుల్నీ పట్టుకుపోయింది.

అప్పుడు మొదటి పెళ్ళి. పంతులు "గట్టిమేళం, గట్టిమేళం" అని గొంతు చించుకున్నాడు. పైడయ్యేమో లడ్డూల బుట్టకేసి చూసి నవ్వుతున్నాడు.

ఆ తర్వాత రెండో పెళ్ళి. ఈసారి పైడయ్య సైగ కోసం పంతులు వేలికేసే చూస్తూ కూచున్నాడు. పంతులు ఈగని తోలడానికి వేలెత్తాడు. పైడయ్య వాయించేశాడు. పెళ్ళికొడుకు కంగారుపడి జీలకర్రాబెల్లం తన నెత్తినే పెట్టుకున్నాడు.

"ఒరే, ఇంకొక్క పెళ్ళి చూస్తాను. అదీ చెడితే డోలు దించెయ్" అని అక్క చేతులు తిప్పి చెప్పింది. ఆ తర్వాతి పెళ్ళికి పక్కూళ్ళో డోలు వాయించే అప్పన్నని మాట్లాడేసింది కూడా.  పైడయ్య మాత్రం పొద్దస్తమానం సాధన చేస్తూనే ఉన్నాడు.

అప్పుడు వాడి తలకాయలో ఏం జరిగిందనుకున్నావు? మెదడు ఇంటి ఓనరమ్మ లాంటిది, గది ఖాళీగా ఉంటే ఊరుకోదు. చెవి ఖాళీ చేసిన గదిలోకి ముందు కన్ను మూటాముల్లే సర్దుకుని దిగింది. ఆ తర్వాత అరిచెయ్యి వచ్చింది, డోలు అదురు పట్టుకోడానికి. ముగ్గురికి చాలే గది అంటూ అరికాలూ దూరింది.

ఆ తర్వాత మూడో పెళ్ళి. పెళ్ళికూతురి నాయనమ్మ, తుమ్ము వినపడితే పీటల మీది పెళ్ళయినా ఆపేసే రకం. జీలకర్రాబెల్లంతో ఇద్దరి చేతులూ లేచాయి. పంతులు నోరు తెరవబోతున్నాడు. అప్పుడు జనం మధ్యలో పెళ్ళికూతురి మేనమామ ముక్కుపుటం చిన్నగా అదరడం పైడయ్య కంటపడింది. ఆ తర్వాత మీసం లేచింది. ఆ తర్వాత నోరు తెరుచుకుంది.

ధన్ ధన్ ధన్ ధన్.

మేనమామ తుమ్మాడు. కండువా ఎగిరింది, పక్కాయన తలపాగా ఎగిరింది, తుమ్ము మాత్రం ఒక్క చెవినా పడలేదు. నాయనమ్మ అక్షింతలు వేసి, "మేళం బాగుందే" అంది.

"ఎలా తెలిసిందిరా?" అని సూరీడమ్మ కళ్ళతోనే అడిగింది. పైడయ్య ముక్కుపుటాలు రెండూ ఎగరేసి చూపించాడు. ఆవిడకి నవ్వు ఆగలేదు. చెవులున్నవాడైతే తుమ్ము విన్నాకే కదా వాయించేది, అనుకుంది. అప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుని, అప్పన్నకి ఫోన్ చేసి రానక్కర్లేదని చెప్పేద్దామని లేచింది.

కథేమో కంచికి,
డోలేమో సంచికి,
చిట్టీ నేనూ మంచానికి.