నూరింట నూట పదిహేడు

పాలకోన రాజు వీరకేసరి ఓ ఉదయం నన్ను కొలువుకు పిలిపించారు. పడమట మబ్బు పట్టింది, ఏటి అవతలి రైతుల అరవై వడ్ల బళ్లు కోట ముందే నిలిచిపోయాయి, ఎందుకు దించుకోవడం లేదని అడిగారు.

ధాన్యాగారం అధికారిణిని నేను. చదువుకున్నదాన్ని కూడా. తాటాకు విప్పి ఠీవిగా చదివాను.

"ఉన్న గాదెలు నూరు ప్రభూ. నిండినవి నూట పదిహేడు."

కొలువులో తలలన్నీ నావైపు తిరిగాయి. నా పనితనానికి ముగ్ధులయ్యారనుకున్నాను.

వాన పడేలోగా చోటు చూపినవారికి తన కంకణం ఇస్తానన్నారు రాజు. కొత్త ధాన్యాగారం కట్టించాలనీ, ఏడాది పడుతుందనీ నేను సలహా ఇచ్చాను. గాదెలు ఊడ్చే నాంచారి మాత్రం ఒక్కసారి తన వెంట వచ్చి చూడమని రాజును వేడుకుంది.

మా పద్ధతి ఇది. పంట తెస్తామని ఊరిపెద్ద కబురు పంపగానే, అడిగినన్ని గాదెలకు ఆ ఊరి పేరున పసుపు దారం కడతాను. వడ్లు పోశాక మట్టి ముద్ర వేస్తాను. దారాలూ ముద్రలూ కూడి లెక్క రాస్తాను. ఏటి అవతలివాళ్ల కబురు అందేసరికి దారం కట్టడానికి గాదె మిగల్లేదు. ఇందులో తప్పేముందని మీకూ అనిపిస్తే, మనిద్దరం ఒకే బడిలో చదివినట్టు.

నాంచారి రాజునూ నన్నూ ధాన్యాగారంలోకి తీసుకెళ్లి, ఒక గాదె దగ్గర ఆగి, ఇది నిండిందా అని అడిగింది. తాటాకు చూసి మరీ నిండిందన్నాను. ఆమె చీర దోపుకుని, మూత తీసి, లోపలికి దూకింది. దభీమని చప్పుడు. ఆ వెనకే గొంతు.

"అమ్మగారూ, నేను వడ్ల మీద నిలబడ్డానా, నేల మీదా? కాస్త తాటాకు చూసి చెప్పండి."

రాజు పగలబడి నవ్వి, దారాలన్నీ తెంపెయ్యమన్నారు. నాంచారి తల బయటపెట్టింది.

"అన్నీ వద్దు ప్రభూ. దారిలో ఉన్న ఊళ్లవి ఉంచాలి, లేకపోతే రేపు వాళ్లు ఎక్కడ దించుతారు? వచ్చి వెళ్లినవాళ్లు పది అడిగి మూడే నింపారు. ఆ మూడింటికీ ముద్ర పడింది గానీ, పది దారాలూ అలాగే ఉన్నాయి. ముద్ర వేసినప్పుడే దాని దారం తెంపాలి. ఆ ఊరి చివరి బండి కదలగానే మిగిలినవీ తెంపాలి."

అలా తెంపితే నలభై గాదెలు ఖాళీగా తేలాయి. ముద్ర ఉన్నవి పదిహేడే. వాటిని నేను దారానికోసారి, ముద్రకోసారి లెక్కపెట్టాను.

తొలి చినుకు పడేసరికి చివరి బస్తా లోపలికి చేరింది. కంకణం నాంచారి చేతికి ఎక్కింది. అప్పుడు రాజు ఒక కత్తి తెమ్మన్నారు. నా చెయ్యి నాకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. ఆయన దాన్ని నాకే అందించారు.

"మెడకు కాదు అక్కమాంబా, దారాలకు."

అందరూ నవ్వారు. నాంచారి ఇంకాస్త గట్టిగా నవ్వింది. నవ్వక నేను మాత్రం ఏం చెయ్యను?