బెంచీ మీది గోలీ

రండర్రా, దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళు ఇంకాస్త ముందుకి. ఒరే పోలినాయుడూ, ఆ బంతి కాసేపు కింద పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరు. కూర్చున్నారా? సరే. ఈ కథ కూడా బంతి కథే.

పోర్చుగల్ అని ఒక దేశం. అది దాటితే ఇక అంతా సముద్రమే. మనకి క్రికెట్ ఎంతో వాళ్ళకి ఫుట్‌బాల్ అంత. ఎండలు తగ్గుముఖం పట్టే వేళకి వాళ్ళ పెద్ద లీగు మొదలవుతుంది. చలీ వానా దాటుకుని, మళ్ళీ ఎండలు వచ్చేదాకా నడుస్తుంది. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో తలపడాలి, ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో.

ఆ లీగులో నేలియో అని ఒక గోలీ, అంటే గోలు కాసేవాడు, ఉండేవాడు. చేపలు పట్టేవాళ్ళ చిన్న ఊరు వాడిది. ఆ ఊరి జట్టు అంతకుముందు ఎన్నడూ కప్పు మొహం చూడలేదు. ఆ ఏడు చూసింది. ఇంకా ఒక ఆట మిగిలి ఉండగానే కప్పు వాళ్ళదైపోయింది. రేవులో పడవలకి జెండాలు కట్టారు. ఊరంతా పండగ. ఒక్క నేలియోకే ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే, సీజన్ మొదటి నుంచి చివరిదాకా ఒక్క నిమిషం కూడా గోలు వదలకుండా నిలబడ్డ గోలీ పేరు నీలం రంగు పింగాణీ పలక మీద రాసి, క్లబ్బు గుమ్మం పక్కన గోడకి అతికిస్తామని పెద్దలు ఎప్పుడో అన్నారు. అన్నారేగాని, ఎవరికీ దక్కలేదు. ఒకడికి వేలు విరిగింది. ఒకడికి జ్వరం తగిలింది. ఒకడు రిఫరీని తిట్టి బయటికి పోయాడు. నేలియోకి ఈ ఒక్క ఆటా పూర్తిగా ఆడితే చాలు.

అడ్డల్లా అబెల్.

అబెల్ రెండో గోలీ. నేలియోకి ఏమైనా అయితే దిగడానికి బెంచీ మీద కూర్చునేవాడు. నేలియోకి ఏమీ కాలేదు, అందుకని అబెల్ కూర్చునే ఉన్నాడు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. ఇదే నా ఆఖరి సీజన్, తర్వాత బావమరిది పడవ ఎక్కుతానని అందరికీ చెప్పేశాడు.

అక్కడో ఆనవాయితీ ఉందర్రా. జట్టు కప్పు గెలిచినా సరే, ఆ ఏడు ఒక్కసారైనా ఆటలోకి దిగనివాణ్ణి విజేతల్లో కలపరు. అందుకని కప్పు ఖాయమయ్యాక, ఆఖరి ఆట చివర్లో, బెంచీ మీద మిగిలిపోయినవాడికి కాసేపు చోటిస్తారు. మరి గోల్లో ఇద్దరు నిలబడడానికి లేదు కదా! జట్టంతా నేలియో వైపు చూడడం మొదలెట్టారు. నోరు తెరిచి ఎవరూ అడగలేదు. అబెల్ అసలే అడగడు. పెద్ద కోచ్ ఏమో, "గోలీల సంగతి మీరే చూసుకోండి" అని సెవెరీనో మీదికి తోసేశాడు.

సెవెరీనో గోలీలకి గురువు. ముసలాయన. రేవులో పీతలు పట్టుకుంటున్న నేలియోని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోలీని చేసింది ఆయనే. శిష్యులు ఆయన్ని 'మెస్త్రె' అనేవారు. మనం తాపీ మేస్త్రి అంటామే, ఆ మాట వాళ్ళ దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చిందే.

నేలియో ఆయన దగ్గరికెళ్ళి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. "మెస్త్రె, మీరే చెప్పండి, ఇది న్యాయమేనా? వానలో నిలబడ్డది నేను. పక్కటెముకలకి దెబ్బలు తిన్నది నేను. అతనేం చేశాడు? కూర్చున్నాడు."

సెవెరీనో కమలాపండు ఒలుచుకుంటున్నాడు. "ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే?"

"రేపు పొద్దున్నే ప్రాక్టీసుకి రా."

మర్నాడు నేలియో వెళ్ళేసరికి సముద్రం మీంచి మంచు ఇంకా తొలగలేదు. మైదానంలో గోలు ముందు సంచీడు బంతులున్నాయి. గురువు ఓ పక్కగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇంకెవరూ లేరు.

"అబెల్ ఏడీ?"

"సెలవిచ్చాను. ఎలాగూ కూర్చునేవాడేగా."

"మరి నాకు షాట్లు ఎవరు కొడతారు? మీరా?"

"నా తుంటి చూశావుగా, చొక్కా తొడుక్కున్నా మూలుగుతుంది. నువ్వే కానియ్."

నేలియోకి పౌరుషం వచ్చింది. బంతి ఎత్తుగా తన్ని, అది కిందికి దిగేలోపు గోల్లోకి పరిగెత్తాడు. బంతి ముందే వెళ్ళి వలలో పడింది. మళ్ళీ తన్నాడు. మళ్ళీ అంతే. మైదానం అంచున ప్రహరీగోడ ఉంటే దానికేసి కొట్టి చూశాడు. తిరిగొచ్చింది గానీ, ప్రతిసారీ నీరసంగా తిన్నగా గుండెల మీదికే. ఆఖరి ఆటకి వచ్చే జట్టులో ఒక పొట్టివాడు ఉన్నాడట, కొట్టేముందు భుజం ఒక పక్కకి వంచి, బంతిని రెండో పక్కకి పంపుతాడట. గోడకి భుజమెక్కడిది?

అలాంటివన్నీ అబెల్ చేసేవాడు. వచ్చే వారం ఎవరితో ఆట ఉందో చూసుకుని, ఆ జట్టులో గోల్స్ కొట్టేవాడి నడకా పరుగూ పట్టుకుని, ఆ వారమంతా అతనైపోయేవాడు. ఎడమకాలివాడైతే అబెల్‌కీ ఎడమకాలే. కొండల ఊరి జట్టులో ఒకడు పెనాల్టీ కొట్టేముందు కాస్త కుంటుతాడని, అబెల్ ఆ వారమంతా కుంటుతూనే తిరిగాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేలియో కూడా నవ్వాడు. ఆ కుంటేవాడి పెనాల్టీ తీరా ఆటలో నేలియో చేతుల్లోకే వచ్చి పడింది. స్టేడియమంతా లేచి నేలియో పేరు పెట్టి అరిచింది.

ఎండెక్కింది. వాడు రొప్పుతూ వచ్చి గురువు పక్కన చతికిలబడ్డాడు.

"ఎన్ని ఆపావు?" అన్నాడు సెవెరీనో.

"కొట్టేవాడుంటే కదా మెస్త్రె, ఆపడానికి!" అని కసిరాడు నేలియో. కసిరి, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయాడు.

గురువు బంతులు సంచీలోకి ఏరుకోమన్నాడు.

ఆఖరి ఆట రోజు రానే వచ్చింది. స్టేడియంలో ఇసక వేస్తే రాలదు. ఆట ముగింపుకి దగ్గర పడింది. పెద్ద కోచ్ సెవెరీనో వైపు చూశాడు. సెవెరీనో గడ్డి వైపు చూశాడు. అప్పుడు నేలియో తనే చెయ్యెత్తి, మార్చమని సైగ చేశాడు.

బెంచీ మీంచి అబెల్ తల అడ్డంగా ఊపాడు. "పిచ్చివాడా, నీ పలక! అక్కడే ఉండు!" అని కేకేశాడు.

నేలియో గోలు గీత మీద కూర్చుండిపోయాడు.

జనంలోంచి చేపలమ్మే ఆవిడొకతె, "ఏరా, కాల్చిన చేపలు ఎక్కువ మెక్కావా!" అని అరిచింది. రిఫరీ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందయ్యా?"

"కాలండీ."

"ఏ కాలు?"

"అతనొస్తే ఏదైనా తగ్గిపోతుందండీ."

రిఫరీ నవ్వు ఆపుకుని బెంచీ వైపు చెయ్యి ఊపాడు. అబెల్ వచ్చాడు. గోలు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. నేలియో వంగి, అతని బూటు తాడు ఊడితే బిగించి కట్టాడు. కుంటడం కూడా మర్చిపోయి బయటికి పరిగెత్తాడు.

గురువు పక్కన చోటుంది. కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటేగానీ, అవతలి జట్టు కదిలితే వీడి భుజాలు కదులుతున్నాయి. పొట్టివాడు దూసుకొచ్చాడు. ఒక పక్కకి భుజం వంచాడు. బెంచీ మీద నేలియో చేతులు వాటంతటవే లేచాయి. అబెల్ రెండో పక్కకి దూకాడు. పట్టుకున్నాడు.

నేలియో ఊపిరి వదిలాడు.

"మెస్త్రె, ఇక్కడ కూర్చుంటే ఆటేమీ కనపడట్లేదు. అబెల్ ఒక్కడే కనిపిస్తున్నాడు."

సెవెరీనో వాడి వీపు మీద చెయ్యేసి, అలాగే ఉంచాడు.

"సీజనంతా అతనికీ అంతే," అన్నాడు.

అదర్రా. ఇక లేవండి, పొద్దు వాలింది. కాళ్ళు కడుక్కుని, అన్నాలు తినండి, ఫోండి.