పూసిన తుప్పు

బాజీ మేస్త్రికి కోపం వస్తే నోరు పెగలదు. చేతిలో పని కింద పెట్టి, నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటాడు. ఆ రోజు ఎంతసేపటికీ ఆ తుడవడం ఆగలేదు. కారణం, శిష్యుడు ఏడుకొండలు అందరి ముందూ అడిగిన ప్రశ్న.

“గురువుగారూ, అడిగినవాడు కావాలనే అడిగాడు. ఆయనకి తెలిసే చేశాను. ఇందులో మోసం ఎక్కడుందో చెప్పండి!”

సంగతేమిటంటే, బెజవాడ ఆటోనగర్‌లో మేస్త్రి షెడ్డుకి ఫణీంద్ర అనే ఆయన ఓ పాత కారు తెచ్చి, దాన్ని హాట్ రాడ్ చెయ్యమన్నాడు. అంటే మడ్‌గార్డులు పీకెయ్యాలి, టాపు కోసి కిందికి దించాలి, ముందు భాగం నేలను వాసన చూస్తున్నట్టు వంగాలి, బానెట్టు కింద దాని తాహతుకు మించిన ఇంజను ఉరమాలి. చెప్పేవాడికేం, నోటితో చెప్పేస్తాడు! ఏడుకొండలు వేసవంతా ఆ కారుతోనే కాపురం చేశాడు. టాపు కోస్తే తలుపులు పడలేదు, తలుపులు దారికి తెస్తే అద్దాలు కూర్చోలేదు. వ్యాను గేరుపెట్టె పట్టడానికి ఛాసిస్ కోసి మళ్లీ అతికాడు. చివరికి ఉన్న తుప్పంతా గీకి, నున్నగా ప్రైమరు కొట్టి చూపిస్తే ఫణీంద్ర మొహం చిట్లించాడు.

“ఇదేంటండీ, కొత్తదానిలా ఉంది! పాతకాలం కళంతా పోయింది. తుప్పు కనపడాలండీ తుప్పు!”

విన్నారా? తుప్పు గీకి గీకి వీడి అరచేతుల తోలు ఊడితే, ఆయనగారికి మళ్లీ తుప్పు కావాలట! అది మోసమంటూ మేస్త్రి ససేమిరా అన్నాడు. ఏడుకొండలు మాత్రం సరేనన్నాడు. ఇటుకపొడి, ఉప్పునీళ్లు, నాలుగు రకాల గోధుమరంగులు కలిపి, స్పాంజితో అద్ది, ఇంచి ఇంచికీ తుప్పు పూశాడు. పైనే కాదు, కింద ఇరుసు దాకా పూశాడు. ఆ తర్వాత బిగించిన పాత సామానునైతే గీకనే లేదు. తుప్పే ముద్దన్నప్పుడు గీకడం దేనికి? దాని మీదా అదే రంగు అద్ది కలిపేశాడు. పక్క షెడ్లవాళ్లు వచ్చి, ముక్కున వేలేసుకుని, ఫోటోలు తీసుకుపోయారు. ఒక్క గురువు మాత్రం బాగుందనలేదు. అదీ వాడి కడుపుమంట.

ప్రశ్న విన్నాక కూడా మేస్త్రి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఈలోగా ఏడుకొండలు భార్య నాంచారమ్మ చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. బండి తయారయ్యాక, ఓనరుకి తాళం ఇచ్చే ముందు, పని చేసినవాడు తనవాళ్లని ఎక్కించుకుని మొదటి చుట్టు తిప్పాలి. నాంచారమ్మ ముందు సీట్లో సర్దుకుని కూచుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు.

అప్పుడు మేస్త్రి గుడ్డ పక్కన పడేశాడు. “ఒరే, బండి కిందికి దూరు. ఏది నువ్వు పూసిన తుప్పో, ఏది ఇనుము తినే తుప్పో నాకు చూపించు. చూపించాక తీసుకెళ్లు.”

ఏడుకొండలుకి ఒళ్లు మండిపోయింది. పెళ్లాం ముందు పరీక్షా! ఇంత చాకిరీ చేసినవాడికి దక్కేది ఇదా! విసురుగా లైటు పట్టుకుని కిందికి దూరాడు. “ఇది నాది,” అని ఒకచోట, పూసిన రంగుని కరిగించే థిన్నరు గుడ్డతో రుద్దాడు. రంగు ఊడి రాలేదు. “సరే, ఇది అసలుది,” అని ఇంకోచోట రుద్దాడు. గుడ్డంతా గోధుమరంగైంది. పంతం పట్టి స్క్రూడ్రైవరుతో వరసగా పొడుచుకుంటూ వెళ్లాడు. స్టీరింగు పెట్టెను పట్టుకుని ఉండే ఇనప పట్టీ దగ్గర మొన లోపలికి దిగిపోయింది. పెచ్చులు వాడి మొహం మీద రాలాయి. అది తెగిందంటే స్టీరింగు తిప్పినా బండి తిరగదు.

బయటికొచ్చి, “దిగు,” అన్నాడు నాంచారమ్మతో.

“ఏమైందయ్యా? ఇప్పుడేగా ఎక్కాను!”

“దిగమంటున్నానా!”

చంటిదాన్ని లాక్కున్నట్టే తీసుకుని గుండెకి అదుముకున్నాడు. వెంటనే గురువు మీదికి తిరిగాడు. “ఇంత తెలిసి నా పెళ్లాం బిడ్డని అందులో ఎక్కనిచ్చారా? ముందే ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది? అసలు మనిషేనా మీరు!”

బాజీ మేస్త్రిని అంత మాట అన్నవాడు అంతవరకూ లేడు.

మేస్త్రి ఆ పట్టీ వైపే చూస్తూ అన్నాడు:

“తెలిస్తే చెప్పనా రా? పొద్దున నేనూ లైటేసుకుని కింద పడుకుని చూశాను. నాకూ కనపడలేదు. నీ పని అంత బాగా కుదిరింది.”