తల ఊపిన ఒప్పందం

చిల్లకంప చెరువు గట్టు మీద జంతువుల విశ్వవిద్యాలయం ఒకటుండేది. దానికి పెద్ద నందయ్య. పదేళ్లు ఇంటింటికీ తిరిగి, సన్నాయికి తల ఊపి ఊపి రిటైరైన గంగిరెద్దు. సన్నాయి పోయింది గానీ ఊపుడు పోలేదు. ఎవరేమన్నా ఊపేవాడు. అవుననేవాడో, అలవాటుగా ఊపేవాడో నాకిప్పటికీ తెలియదు.

అక్కడ చెప్పే పాఠం ఒక్కటే, తోడేలును తప్పించుకోవడం. ఆ చుట్టుపక్కల తోడేళ్లు లేకుండా పోయి మూడు తరాలైంది. ఈలోగా చెరువుకీ పచ్చిక బీడుకీ మధ్య నాలుగు వరుసల రోడ్డు పడింది.

ఒకరోజు పోలమ్మ అనే మేక నందయ్య ముందు నిలబడింది.

"అయ్యగారూ, నా పెద్దపిల్ల మొన్న లారీ కింద పోయింది. తోడేలు పాఠంలో దానిదే ఫస్టు మార్కు. ఇంకొకత్తె మిగిలింది. దానికైనా రోడ్డు దాటడం నేర్పించండయ్యా."

నందయ్య తల ఊపాడు.

"ఎప్పట్నించి?"

మళ్లీ ఊపాడు. పోలమ్మకి ఏమీ అర్థం కాలేదు.

పక్కనే ఉన్న పానకాలు అనే నక్క గొంతు సవరించుకున్నాడు. "రోడ్డు పాఠం మనవల్ల ఎక్కడవుద్ది వదినా? విదేశీ ఒప్పందం కావాలి. అదిగో, మంచుకొండలు దాటొచ్చిన బాతుగారు. దాటడంలో వాళ్ల యూనివర్సిటీని మించింది లేదు. వాళ్ల భాష నాకొచ్చు, నేను మాట్లాడి పెడతా."

నందయ్య తల ఊపాడు. మర్నాడే సభ పెట్టారు. తలమీద రెండు నల్లచారలున్న పెద్ద బాతు వచ్చి మధ్యలో నిలబడింది.

"క్రాంగ్" అంది.

"ఏడాదికి ముగ్గురు పిల్లల్ని పంపమంటున్నారు. లేతవాళ్లయితే చదువు బాగా అబ్బుద్దంట. తీసుకెళ్లేది నేనే" అన్నాడు పానకాలు.

"ఒక్క క్రాంగులో ఇంత మాటుందా?" అంది పోలమ్మ.

"వాళ్ల భాష పొదుపు వదినా."

"మరి పిల్లలు తిరిగెప్పుడొస్తారు?"

"చదువయ్యాక."

"చదువెప్పుడవుద్ది?"

"అది పిల్లని బట్టి."

నందయ్య తల ఊపాడు. బాతు చటుక్కున రెండడుగులు పక్కకి జరిగింది. ఆయన ఇంకోసారి ఊపాడు. బాతు ఇంకో రెండడుగులు జరిగింది.

"చూశారా, మనకి చోటిస్తున్నారు. ఒప్పందం కుదిరింది" అంటూ పానకాలు కూడా తల ఊపేశాడు.

పంపితే పిల్ల ఏ దేశం పోతుందో తెలియదు. పంపకపోతే రోజూ ఆ రోడ్డే. ఇక ఉండబట్టలేక పోలమ్మ నేరుగా బాతు దగ్గరికే వెళ్లింది.

"అమ్మా, నీకు అర్థమవుద్దో లేదో. నా పిల్లకి రోడ్డు దాటడం నేర్పుతారా?"

"రోడ్డు సంగతి మాకు తెలీదమ్మా" అంది బాతు, శుభ్రమైన తెలుగులో.

సభంతా నోళ్లు తెరిచింది.

"పదహారు చలికాలాల నుంచి మీ చెరువులోనే ఉంటున్నాను, మీ మాట రాదా? ఎవరూ పలకరించలేదు. ఈ నక్కగారు తానే ఇక్కడ పెద్దనని చెప్పాడు. క్రాంగ్ తప్ప ఏమన్నా మర్యాద కాదన్నాడు. ముందు ఆ ఎద్దుగారిని తల ఊపడం ఆపమనండి. మాలో తల ఊపితే ఎగరబోతున్నట్టు. అంత మనిషి ఎటు ఎగిరి ఎవరి మీద పడతాడో అని నా భయం."

"అయితే మీకు పిల్లలు అక్కర్లేదా?"

"ఉన్నవాళ్లతోనే వేగలేకపోతున్నాను. నిరుడు పురుగుమందు కొట్టిన మళ్లో మేసి నలుగురు పోయారు. ఏ మడిలో కొట్టారో మీరు చెప్పండి. వరసగా, ముందున్నవాణ్ణి చూస్తూ గుంపుగా దాటడం నేను నేర్పుతాను."

"నందయ్యగారు తల ఊపారు. ఒప్పందం ఒప్పందమే. నా ముగ్గురినీ నాకివ్వండి" అని పానకాలు అరిచాడు.

పోలమ్మ వాడివైపు తిరిగింది. "ఒప్పందమంటే రెండు దేశాల పద్ధతీ చెల్లాలి కదయ్యా. వాళ్లలో తల ఊపినవాడు ఎగరాలంట. నువ్వూ ఊపావు. ముందు నువ్వెగిరి ఆ బడి చూసిరా. పిల్లల్ని తర్వాత పంపుతాం."

నందయ్య లేచి వచ్చి తల ఊపాడు. ఊపినప్పుడల్లా కొమ్ములు జానెడు ముందుకొచ్చాయి. కావాలనే ఊపాడో, అలవాటో, అదీ నాకు తెలియదు. పానకాలు వెనక్కి జరిగి జరిగి, గట్టు అంచున కాలు జారి, ఎగరకుండానే బురదలో దిగాడు.

మర్నాడు పిల్లలంతా బాతు చెప్పినట్టు వరసకట్టారు. అందరికన్నా ముందు గంటలు కట్టుకుని, రంగుల బొంత వేసుకుని నందయ్య రోడ్డెక్కి తల ఊపాడు. ఆగమంటున్నాడో పొమ్మంటున్నాడో తెలియక లారీలన్నీ ఆగిపోయాయి. పోలమ్మ పిల్ల అవతలికి చేరి గడ్డి కొరికింది. ఇవతల పోలమ్మ ఏడ్చింది.

మీ పిల్లలకేం కావాలో అవతలివాళ్లని మీరే నోరు తెరిచి అడగండి. మీ బదులు అడుగుతానన్నవాణ్ణి మాత్రం ముందు ఎగిరి చూపించమనండి.