ఉక్కు కావలివాడు నేర్చుకున్న మాట

అనగనగా, మన భూమి కూడా ఒక చిన్న చుక్కలా కనిపించేంత దూరాన ఒక ఎర్రటి గ్రహం ఉండేది. ఆ గ్రహం మీద ఒక కోట, ఆ కోటకి ఒక రాజు. రాజు పేరు వజ్రకేతుడు.

అక్కడ ఆకాశం ఉంది గానీ గాలి లేదు. అందుకని కోటనంతా గాజు కప్పు కింద కట్టుకున్నారు. పెద్ద పెద్ద తిత్తులు పెట్టి, గొట్టాల గుండా వీధివీధికీ గాలి పంపేవారు. భగవంతుడు మనకి అడక్కుండా ఇచ్చిన ఊపిరి అక్కడ రాజుగారి చేతిలో ఉండేదన్నమాట.

గనుల్లో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళకి వైద్యులు ఉక్కు అవయవాలు అమర్చేవారు. సగం మనిషి, సగం యంత్రం. వాళ్ళని ఉక్కువాళ్ళు అని పిలిచేవారు. రాజుగారి తాత పూర్వం ఒక శాసనం చేశాడు. ఎవరి ఒంట్లో ఉక్కు పెట్టినా, వారి రొమ్ములో ఒక చిన్న గంట కూడా పెట్టాలి. అబద్ధమాడితే ఆ గంట మోగుతుంది. ఎంతటివారికైనా మినహాయింపు లేదు.

ఉక్కువాళ్ళకి మరో కట్టడి కూడా ఉండేది. మామూలు మనుషులతో మాట్లాడేటప్పుడు వాళ్ళు ‘మేము’ అనాలి. ‘మనం’ అనకూడదు.

వజ్రకేతుడు మితభాషి. ఆజ్ఞాపించేవాడు, లేకపోతే ప్రశ్నించేవాడు. ‘ఇది ఇలా ఉంది’ అని ఎన్నడూ చెప్పేవాడు కాదు. రాజసమంటే అదే కాబోలని జనం అనుకునేవారు.

ఒక ఏడాది దిగువపేటలో పిల్లలందరికీ జ్వరాలు వచ్చి, పేటవాళ్ళు రాజుగారి ఊరేగింపుకి రాలేకపోయారు. రాజుకి కోపం వచ్చింది.

"దిగువపేటకి గాలి తగ్గించండి!" అన్నాడు.

తిత్తులు చూసుకునే అమ్మాయి పేరు కువలయ. పసిపిల్లలు ఎగరొప్పుతుంటే ఆమె చూడలేకపోయింది. దేవుణ్ణి తలుచుకుని గాలి తలుపులు బార్లా తెరిచేసింది.

"ఆ తలుపులు మళ్ళీ మూయండి! దాన్ని కోట బయటికి నెట్టండి!" అన్నాడు రాజు. బయటంటే ఊపిరే అందని చోటు.

కువలయ పారిపోయింది. సందుసందునా భటులు వెతికారు. తిరిగి తిరిగి, ఎవరూ రాని పడమటి గుమ్మం దగ్గర కావలిగదిలో దూరింది. ఆ గుమ్మానికి కావలివాడు లోహితుడు. అతని ఎడమ చెయ్యీ రెండు మోకాళ్ళూ ఉక్కువి. రొమ్ములో గంట సరేసరి.

"ఎవరు నువ్వు?"

"రాజుగారు వెతుకుతున్న కువలయని. ఇక పరుగెత్తలేను."

"అయితే మేము నిన్ను పట్టివ్వాలి."

కువలయ గదంతా చూసింది. "మేమంటే ఎందరయ్యా? నువ్వొక్కడివే కనిపిస్తున్నావు. మిగతావాళ్ళు బల్ల కింద ఉన్నారా?"

లోహితుడు నిజంగానే వంగి బల్ల కింద చూశాడు. "లేరు," అన్నాడు.

అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. "పట్టివ్వమని నీకు ఆజ్ఞ వచ్చిందా?"

"రాలేదు. అడిగితే నిజం చెప్పాలని మాత్రం ఉంది. ఇంకా ఎవరూ అడగలేదు."

ఆమె కొంగున కట్టుకున్న జొన్నరొట్టె విప్పి రెండు ముక్కలు చేసింది. "రా, మనం తిందాం."

"మనమా? ఆ మాట మేము అనకూడదు."

"ఎందుకనకూడదన్నారో తెలుసా? మేము అంటే నువ్వు బయటే ఉండమన్నట్టు. మనం అంటే నువ్వూ లోపలికి రమ్మన్నట్టు. మనసు అన్న మాటలోనే ‘మన’ ఉంది చూడు."

లోహితుడు రొట్టె తిన్నాడు. ఒకరు చేత్తో పెడితే తినడం అతనికి అదే మొదలు.

పొద్దు వాలింది. "దీపం పెట్టాలి. చమురుందా?" అని అడిగింది కువలయ. ఉన్నదల్లా అతని మోకాళ్ళకి రాసుకునే చిన్న గిన్నెడు నూనె. అదే ప్రమిదలో పోశాడు.

"మరి నీ మోకాళ్ళు?"

"కిర్రుమంటాయి. అంతే కదా."

దీపం వెలిగించి, పేట పిల్లలు చల్లగా ఉండాలని ఆమె మొక్కింది. తరవాత లోహితుడి పేరు చెప్పి మళ్ళీ మొక్కింది.

"మధ్యలో నా పేరెందుకు?"

"చమురిచ్చినవాణ్ణి మరిచిపోయి దీపం పెడతారా ఎవరైనా!"

అతని పేరు చెప్పి దేవుడికి దండం పెట్టినవాళ్ళు అంతవరకూ లేరు. ఆనాటి నుంచి పొద్దు ఎప్పుడు వాలుతుందా అని ఎదురుచూశాడు. అతని అడుగుల కిర్రు వినబడితే చాలు, ఆమెకి ధైర్యంగా ఉండేది. అలా ఇద్దరి మనసులూ ఒకటయ్యాయి.

మొదట దళవాయి వచ్చాడు. కువలయ తలుపు చాటున నక్కింది.

"ఒరే లోహితా, ఈ గుమ్మం దాటి ఎవరైనా బయటికి పోయారా?"

"పోలేదు."

గంట మోగలేదు. దళవాయి వెళ్ళిపోయాడు.

తరవాత మంత్రి వచ్చాడు. "నీ మోకాళ్ళేమిటి, పాత తలుపులా మూలుగుతున్నాయి! నూనె ఏం చేశావు?"

"సంధ్యదీపానికి పోశాం."

గంట మోగలేదు. "ఇనుముకి భక్తి పుట్టింది!" అని మంత్రి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుకుంటూ పోయి, ఆ వింత రాజుగారి చెవిన వేశాడు.

రాజు నవ్వలేదు. ఆ గదిలో ఇంకెవరో ఉన్నారని అనుమానం వచ్చింది. ఉక్కుభటుల్ని వెంటబెట్టుకుని తానే వచ్చాడు.

"ఈ గదిలో ఎవరున్నారు?"

ఎవరూ లేరంటే గంట మోగుతుంది. ఉందంటే కువలయ ప్రాణం పోతుంది. లోహితుడు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"మనమే ఉన్నాం, ప్రభూ," అన్నాడు.

గంట మోగలేదు. కానీ రాజు ముఖం కందగడ్డ అయింది. "మనమా! ఎవరు నేర్పారురా నీకా మాట?"

తన కోసం అతను చిక్కుల్లో పడటం చూడలేక, కువలయ తలుపు చాటునుంచి తానే బయటికొచ్చింది. "నేనే నేర్పాను, మహారాజా."

"గుమ్మం తెరవండి! ఇద్దరినీ నెట్టండి!"

లోహితుడు తన మనిషి చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నిబ్బరంగా అన్నాడు: "ఆజ్ఞ విన్నాం, ప్రభూ. పోయే ముందు ఒక్క మాట మీ నోట వినాలని ఉంది. మేము మీకేమీ కామని చెప్పండి, చాలు."

కోపంలో రాజు తన పాత జాగ్రత్త మరిచాడు. "మీరెవరు, నేనెవరు! నాకూ ఉక్కువాళ్ళకీ ఏ పొత్తూ లేదు!"

టంగ్!

లోహితుడు తన రొమ్ము తడుముకున్నాడు. అతనిది కాదు. భటులు ఒకరి రొమ్ముకేసి ఒకరు చూసుకున్నారు. వాళ్ళవీ కావు.

టంగ్! టంగ్!

రాజుగారి పట్టు ఉత్తరీయం అదురుతోంది.

"ఓరి నాయనో!" అన్నాడు ఒక ముసలి భటుడు. "రాజుగారూ మనవాళ్ళేనర్రా!"

భటుల బల్లేలు వాటంతటవే కిందికి దిగాయి.

లోహితుడు మెల్లగా అన్నాడు: "ఆజ్ఞకి గంట మోగదు. ప్రశ్నకీ మోగదు. ఒంట్లో గంట పెట్టిన కొత్తలో నేనూ ఆ రెంటి వెనకే దాక్కున్నాను, ప్రభూ. అందుకే మిమ్మల్ని గుర్తుపట్టాను."

రాజు అలాగే గుమ్మంలో కూలబడ్డాడు. ఉత్తరీయం తీసి పక్కన పెట్టాడు. "చిన్నప్పుడు బురుజు మీంచి పడ్డాను. నా గుండె ఉక్కుది. ఎవరికైనా తెలుస్తుందేమోనని, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు."

గంట మోగలేదు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక సంగతి చెప్పాడు, అది నిజం.

కువలయ దగ్గరికెళ్ళి కూర్చుంది. "దిగువపేట పిల్లలకి ఊపిరాడటం లేదు, మహారాజా."

రాజు లేచాడు. "పదండి. మనం తిత్తుల దగ్గరికి పోదాం."

ఆ రోజే దిగువపేటకి నిండుగా గాలి అందింది. ‘మనం’ అనకూడదన్న కట్టడి పోయింది. కువలయకీ లోహితుడికీ ఆ పడమటి గుమ్మంలోనే పెళ్ళి చేశారు. రాజుగారు సారెగా ఒక పెద్ద కుండ, ఒక చిన్న గిన్నె పంపించారు. రెంటినిండా నూనే. పెద్దది దీపానికి, చిన్నది మోకాళ్ళకి. కానీ ఆ కిర్రు వినబడకపోతే తోచదని, ఒక మోకాలికి మాత్రం నూనె తక్కువే రాసేదట కువలయ!

కథ ఆ ఎర్రటి గ్రహానికే తిరిగి వెళ్ళింది, మనకి మిగిలింది ఈ నీతి: ఎదుటివారిని కాదనుకోవడానికి ఆడే మాట ఎప్పటికైనా అబద్ధమని తేలుతుంది, అందరినీ కలుపుకునే నిజం ప్రాణం నిలబెడుతుంది.