మసేనమ్మ మూడు నిజాలు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక పల్లె. పడవ మీద చాలా దూరం పోతే, నూరు బారల తాడు వదిలితే గానీ అడుగు తగలని చోటు ఒకటుంది. అక్కడ రాతినేల. ఎండ దిగదు. అల దిగదు. ఆ చీకట్లో రాళ్ళ మధ్య బెత్తెడు ఎర్రచేప రాయిలా కదలక పడి ఉంటుంది. దాని వీపున ముళ్ళు. ముళ్ళలో విషం.

ఆ పల్లెలో ఒక చెడ్డ ఆచారం ఉండేది. ఏదైనా పోతే, ఎవరి మీద అనుమానం పడితే వాళ్ళ చేత ఆ చేపను పట్టించేవారు. "నిజం చెబితే కుట్టదు, అబద్ధమాడితే కుడుతుంది" అనేవారు. కుట్టించుకున్నవాళ్ళను ఊరి నుంచి వెళ్ళగొట్టేవారు. చేప ఎవరినైనా కుడుతుంది. పట్టుకోమనేది మాత్రం పేదవాళ్ళనే.

ఒకసారి ఊరిపెద్ద పోలయ్య కొత్త వల పోయింది. వల ఆరేసిన చోట పైడమ్మ అనే విధవరాలు ఎండుచేపలు తిరగేస్తూ కనబడింది. అంతే, అనుమానం ఆమె మీద పడింది. ఊరంతా ఒడ్డున చేరింది. కుండలో చేపను తెచ్చారు. పైడమ్మ ఇద్దరు పిల్లలూ ఆమె కోక పట్టుకుని ఏడుస్తున్నారు.

అప్పుడు మసేనమ్మ లేచింది. ఆమె చేపలు ఏరి బతికే ముసలిది. పడవ లేదు, వల లేదు, వెనక మనిషి లేడు.

"ఏటే ముసల్దానా, నీకేటి పని?" అన్నాడు పోలయ్య.

"పనేటీ నేదు బాబూ. నీ సాచ్చిని ఓపాలి అడగాలనుంది."

"అడుగు, అడుగు. పళ్ళు నేని నోటికి సేపే జవాబు సెప్తాది!"

జనం నవ్వారు.

మసేనమ్మ కుండలో చెయ్యి పెట్టి చేపను పట్టుకుంది. "నా పేరు మసేనమ్మ" అంది. చేప కుట్టింది.

మళ్ళీ పట్టుకుంది. "నా మొగుడు ఈ సంద్రంలోనే పోయాడు" అంది. చేప కుట్టింది. నవ్వులు ఆగాయి.

మళ్ళీ పట్టుకుంది. "పొద్దు తూరుపునే పొడుస్తాది" అంది. చేప కుట్టింది.

వాచిన చెయ్యి ఎత్తి అందరికీ చూపించింది.

"మూడు నిజాలు సెప్పినాను. మూడు పోట్లు పొడిచింది. ఇందులో అబద్ధం ఏదో సెప్పు బాబూ! నా పేరా? నా మొగుడి సావా? పొద్దా?"

పోలయ్య ముఖం నల్లబడింది. "దీన్ని ఇంటికి ఈడ్చుకుపొండి!" అని అరిచాడు. ఒక్కరూ కదల్లేదు.

"నాను కదల్ను" అంది మసేనమ్మ. "సేపకి నిజం తెల్దు. పిసికితే పొడవడం తెలుసు. సూసినోళ్ళు నోరు మూసుకుని సేప సేత సాచ్చికం సెప్పిస్తన్నారు. సిగ్గు నేదూ? సూసినోడు లేచీదాకా నానీ ఇసకలోనే కూకుంటాను."

కూర్చుంది. చెయ్యి భుజం దాకా వాచింది. చాలాసేపటికి పోలయ్య పడవ మీద పనిచేసే గంగులు లేచాడు.

"నాను సూసినాను. వల పట్టుకెళ్ళింది నీ కొడుకే బాబూ. భయపడి సెప్పనేదు."

పైడమ్మ పిల్లలను ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది. మసేనమ్మ ఆ సాయంత్రం దాకా బతికింది. "సేపని సంపకండి. తప్పు దానిది కాదు. దాని లోతుకి దాన్ని పంపీండి" అని చెప్పి కన్ను మూసింది.

ఈనాటికీ ఆ పల్లెవాళ్ళు ఆ చేప గాలానికి తగిలితే చంపరు. కర్రతో తప్పించి నీళ్ళలో వదులుతారు. "నీ సోటికి నువ్వు పో, మా సాచ్చికం మేమే సెప్పుకుంటాం" అంటారు. ఇక తగవు వచ్చినప్పుడు, చూసి కూడా తల దించుకున్నవాణ్ణి ఒక్కటే మాట అడుగుతారు:

"సేపని తెమ్మంటావా? నువ్వే లేస్తావా?"